మొళపారికి ఎండ తినిపించిన వైనం

అప్పట్లో మా వైపు చదువంటే విషజ్వరం కింద లెక్క. వచ్చినవాడు పలవరిస్తూ హాయిగా ఉంటాడు, అవస్థంతా ఇంట్లోవాళ్ళది. కుంఫిణీ దొరతనం పోయి రాణిగారి దొరతనం వచ్చి కొన్నేళ్ళయింది. పొగబండి మా దాపులకు కొత్తగా వచ్చింది. మా పెద్దలు ఎన్ని తరాల కిందట తెలుగు సీమ వదిలి ఈ గడ్డమీదికి వచ్చారో ఎవరికీ సరిగా తెలియదు. ఇంట్లో తెలుగు, పొలంలో అరవం, కచేరీలో నోరు మూసుకోవడం, ఇవీ మా ఇంటి మూడు భాషలు. అలాంటి ఇంటినుంచి, సర్కారువారు సేద్యం నేర్పుతారట అని ఎవరో చెబితే, మా నాయన నన్ను చెన్నపట్టణం పంపించారు. కినత్తుకడవు పక్కన మాకు తోట, బావి, నాలుగు జతల ఎద్దులు ఉండగా, సేద్యం నేర్చుకోవడానికి వీడు పట్నం పోతున్నాడని మా పాలేళ్ళు నెల్లాళ్ళు నవ్వుకున్నారు. (మా ఎద్దులు కూడా నవ్వేవేమో, వాటికి తీరిక లేదు.)

అక్కడ మాకు పాఠం చెప్పిన దొరకు మాటలకన్నా చేతలమీద గురి. ఒకనాడు కుండీలో మొక్కకు ఒక ఆకు చూసి, దాని నడుమ నల్లగుడ్డ పట్టీ కట్టించి, రెండు రోజులు ఎండలో పెట్టించాడు. తరువాత ఆ ఆకు కోసి ముందు వేడినీళ్ళలోనూ, తరువాత సారాయిలోనూ ఉడికించాడు. (అంత సారాయి ఆకు పాలవుతోందని మా వంటవాడు కిటికీ పట్టుకుని కళ్ళు ఒత్తుకున్నాడు.) ఆకులోని పచ్చదనమంతా సారాయిలోకి దిగిపోయి ఆకు వెలవెలబోయింది. దానిమీద అయోడిన్ అనే ఎర్రమందు నాలుగు చుక్కలు వేశాడు. ఎండ తగిలిన చోటల్లా నల్లనీలం రంగు తిరిగింది. పట్టీ కట్టిన చోటు మాత్రం పాలిపోయి అట్లాగే ఉంది. నీలం తిరిగిన చోట పిండి ఉంది, ఎండ పడని చోట లేదు అన్నాడు దొర. ఆకు గాలిలోంచి ఒక రకం వాయువునూ, వేరు పంపిన నీళ్ళనూ తీసుకుని, ఎండ అనే పొయ్యిమీద తన తిండి తానే వండుకుంటుందట. ఆ వంట చేసేది ఆకులోని పచ్చదనమేనట. తినగా మిగిలింది గింజలోనూ గడ్డలోనూ మానులోనూ దాచుకుంటుందట. మనం తినే సంగటీ, నంజుకునే బెల్లం, పొయ్యిలో పెట్టే కట్టె, అన్నీ ఎప్పుడో కాసిన ఎండను చెట్లు మూటగట్టి పెట్టినవే అన్నాడు.

ఆ ముక్క నా తలకెక్కింది. పంతొమ్మిదేళ్ళ వయసులో ఏదైనా తలకెక్కితే దిగడానికి దారి ఉండదు. సెలవులకు ఇంటికి వచ్చిన రోజునుంచి కనిపించినవాడికల్లా ఎండ గురించి చెప్పడం మొదలుపెట్టాను. అన్నం ముందు కూర్చుని, ఇది అన్నం కాదు, కిందటి తై నెల ఎండ అనేవాణ్ణి. మా నాయన మూడు రోజులు ఓర్చుకుని, "అట్లయితే నాలుగు దినాలు వాకిట్లో వెయిల్లో కూకో, తిండి మిగలతాది" అని (వెయిలంటే అరవంలో ఎండ), బండి కట్టించి నన్ను పళని దగ్గర మా మేనత్త ఊరికి పంపించేశారు. వెళ్ళమన్నందుకు నాకేమీ బాధ కలగలేదు. ఆ ఇంట్లో మా అత్త కూతురు ఉంది.

ఆ పిల్లను అందరూ గువ్వ అనేవాళ్ళు. మాట తక్కువ, చూపు ఎక్కువ. నాకు వరసైన మరదలు గనక పుట్టిన రోజునే మా ఇద్దరి సంగతీ పెద్దవాళ్ళు అనుకుని పెట్టుకున్నారు. ఆ చిత్తిరై నెలలో అమ్మవారి తిరునాళ్ళు అయిన వారానికి తాంబూలాలు మార్చుకోవాలని నిశ్చయం. అందుచేత ఆ పిల్ల నా ఎదుటపడదు. నేను చావడిలో ఉంటే వంటింట్లో ఉంటుంది, నేను వంటింటి వైపు వస్తే పెరట్లో ఉంటుంది. ఇంత చదువుకుని వచ్చిన బావ ప్రజ్ఞ ఆ పిల్లకు తెలిసే దారేది అని నాకు ఒకటే దిగులు. దారి ఒకటి దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

తిరునాళ్ళకు ఆ ఊరి ఆడవాళ్ళు మొళపారి మోస్తారు. తొమ్మిది రకాల గింజలు నానబెట్టి, అడుగున గడ్డీ ఎరువుమట్టీ వేసిన మట్టిచట్టిలో చల్లి, వెలుతురు చొరని గదిలో తొమ్మిది రోజులు పెంచుతారు. మొలకలు మూరెడు పొడుగున పసుపు రంగులో, బంగారు తీగల్లా వస్తాయి. పదోనాడు ఆ చట్టిని నెత్తిన పెట్టుకుని అమ్మవారి ముందుకు తీసుకుపోయి, చివరికి ఏట్లో కలుపుతారు. ఆ తొమ్మిది రోజులూ చట్టి పెట్టినవాళ్ళు ఉప్పు ముట్టరు. మొలకలు పొడుగ్గా, బంగారంలా వస్తే నోము ఫలించినట్టు. రాకపోతే నోములో ఎక్కడో తప్పు దొర్లినట్టు. ఆ గదిలోకి మగవాడు తొంగి చూడడానికి కూడా లేదు. మా అత్తవారింట్లో అయితే గింజలు దాచే గదిలో పెట్టేవాళ్ళు. కిటికీ లేదు, పైన నాటుపెంకుల కప్పు, ఒకటే తలుపు. ఆ ఏడు అందులో గోడ పొడుగునా మూడు చట్లు ఉన్నాయి. ఒకటి మా అత్తది, ఒకటి గువ్వది, ఒకటి మా బావ భార్యది. ఈమె నాకు వరసకు అక్క, గువ్వకు వదిన. పెళ్ళయి ఏడేళ్ళయినా కడుపు పండలేదని, ఏటా తప్పకుండా చట్టి పెట్టేది.

ఈ సంగతులన్నీ విన్నాక నాకు దొర ఆకుకు కట్టించిన నల్లపట్టీ గుర్తొచ్చింది. పాపం, పచ్చని మొక్కలను చీకటి గదిలో పెట్టి పస్తులుంచుతున్నారు. బంగారం బంగారం అని వీళ్ళు మురిసిపోయేది ఆకలితో పాలిపోయిన రంగును చూసి. ఆ సాయంత్రం మా అత్త అత్తగారితో ఈ మాటే అన్నాను. ఆమెను ఊరంతా పెద్దవ్వ అనేది. నోట్లో వక్క నలుగుతుండగా నేను చెప్పిందంతా విని, "వెయిలు పడితే పచ్చబడి పోతాదిరా అబ్బయా. అది అమ్మోరికి పనికిరాదు. నీ పడిప్పూ చదువూ నీ తోటలో పెట్టుకో" అంది. అంతటితో ఊరుకుంటే నేను నేను కాను.

ఆరో రోజు మిట్టమధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తుండగా గడ్డివామి ఎక్కి, అక్కడినుంచి గింజల గది కప్పుమీదికి పాకాను. చట్లన్నిటికీ ఎండ పెట్టాలంటే కప్పంతా పీకాలి. అంత ధైర్యం లేదు. గువ్వ చట్టికి మాత్రం పెడతాను, అది అన్నిటికన్నా ఏపుగా వస్తుంది, తిరునాళ్ళలో అందరూ ముక్కుమీద వేలేసుకుంటారు, తరువాత ఎప్పుడో తీరిగ్గా అది నా చలవేనని ఆ పిల్లకు చెబుతాను. ఇదీ నా ఎత్తు. తలుపునుంచి లెక్కిస్తే గువ్వ చట్టి రెండోదని మా అత్త మాటల్లో పట్టుకున్నాను. ముందే బయటినుంచి నూలుతాడుతో గది కొలతలు తీసి, చట్టికీ చట్టికీ మధ్య ఎంత ఎడం ఉంటుందో లెక్క వేసి పెట్టుకున్నాను. చిత్తిరైలో మా వైపు సూర్యుడు నడినెత్తిమీద నిలుస్తాడు గనక ఎండ నిట్టనిలువునా దిగుతుంది, లెక్క తప్పే ప్రసక్తే లేదు. తాడు పరిచి, చోటు గుర్తుపెట్టి, ఒక పెంకు జరిపాను. బెత్తెడు వెడల్పున ఎండ లోపలికి దిగింది. తల వంచి చూస్తే నా తల నీడే అడ్డమై చీకటి తప్ప ఏమీ కనబడలేదు. చేతులు దులుపుకుని, నాలో నేనే ఆ దొరకు ఒక సలాము పెట్టి, కిందికి దిగాను. మోకాళ్ళు దోక్కుపోయాయి గాని ఆ సంతోషంలో మంట తెలియలేదు.

ఆడవాళ్ళు చట్లకు నీళ్ళు చిలకరించేది తెల్లవారకముందూ, పొద్దు గుంకాకానూ, అదీ దీపం లేకుండా తడుముకుంటూనే. మధ్యాహ్నం ఎలుకలు చేరాయేమో చూడడానికి ఒకరు వెళతారంతే. కప్పులో కంత సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం రోజూ భోజనాల వేళ మొలకలు ఎట్లా ఉన్నాయని నేరుగా అడగలేక, తిరునాళ్ళ ఏర్పాట్లు ఎట్లా ఉన్నాయని అడుగుతూ, మా మామ చేత "ఏమిరా, నీకింత బక్తి ఎప్పుడు పట్టుకొనింది" అనిపించుకున్నాను.

పదోనాడు తెల్లారగట్ల చట్లు ముంగిట్లోకి తెచ్చి పెట్టారు. వెలుతురు వచ్చేసరికి అక్కడినుంచి మా అత్త ఏడుపు వినబడింది. పరిగెత్తాను. అత్త చట్టీ, అక్క చట్టీ ధగధగమంటున్నాయి. అక్కది మరీను, నిండు మూర దాటింది, ఆమె దాని పక్కనే కూర్చుని తాకకుండా చూసుకుంటోంది. గువ్వ చట్టిలో మొలకలు జానెడు దగ్గరే ఆగిపోయాయి. ఆకులు విచ్చుకుని, ముదురు ఆకుపచ్చ రంగులో, వడ్లమడిలో నారులాగా ఉన్నాయి. (ఎండ దొరికిన మొలక ఆకు విచ్చి బలుస్తుంది గాని పొడుగు సాగదనీ, చీకట్లో ఉన్నదే వెలుతురు వెతుక్కుంటూ పొడుగు సాగుతుందనీ మా దొర సెలవుల తరువాత మొదటి పాఠంలో చెప్పాడు. ఆ పాఠం సెలవులకు ముందు చెప్పి ఉంటే ఈ కథ లేదు.)

పెద్దవ్వ నులకమంచం మీద కూర్చుని ఉంది. గువ్వ ఆమె ముందు తల దించుకుని నిలబడింది.

"నిజం చెప్పు అమ్మణీ. ఉప్పు ముట్టినావా?"

"లేదవ్వా."

"ఊరుగాయ ఏమన్నా నాలుకకు రాసుకుంటివా?"

"లేదవ్వా."

"మూడు చట్లూ ఒగ గదిలోనే ఉన్నె. ఒగ నీళ్ళే పోస్తిమి. నీది మట్టుకు ఎట్లా ఇట్లా ఆయె?"

ఆ పిల్ల మాట్లాడలేదు. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని, "ఊర్లో ఏం మొగం పెట్టుకోని తిరిగేది. మా అన్నకు ఏం చెప్పేది" అని ఏడుస్తోంది. మా మామ స్తంభానికి ఆనుకుని, "ఈ చట్టి ఎత్తొద్దు. తాంబూలం మాట వచ్చే వరుసం చూస్తాము. నోము చెడిన పిల్లను ఇచ్చినామని రేపు వాళ్ళ కడపలో మాట రాకూడదు" అన్నారు. వాళ్ళ కడప అంటే మా గడప. ఆ పిల్లకు అబద్ధమాడి నోము చెడగొట్టినదన్న పేరు, నాకు ఇంకో ఏడాది చావడిలో పడక, బహుశా ఎప్పటికీ అదే. అక్కడినుంచి మెల్లగా గడ్డివామి వైపు జారుకుందామన్న ఆలోచన కూడా వచ్చిందని ఒప్పుకుంటున్నాను. కాని గువ్వ ఒక్కసారి తల ఎత్తి నా వైపు చూసింది.

"అవ్వా, ఉప్పు కాదు. ఎండ" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. ఒకసారి నోరు తెరిచాక నాలోని పండితుడు ఊరుకుంటాడా. పెంకు తీసింది చెప్పి అక్కడితో ఆపవలసినవాణ్ణి, ఆకు పచ్చదనం దగ్గర ఎత్తుకుని, గాలి, నీరు, ఎండ, పిండి, అన్నీ ఏకరువు పెట్టాను. ఎవరి మొహంలోనూ నమ్మకం కనబడలేదు. అప్పుడు నా పెట్టెలో ఉన్న ఎర్రమందు సీసా గుర్తొచ్చింది. తెచ్చి, నోములో ఉన్నవాళ్ళ కోసం కాచిన ఉప్పులేని సజ్జగంజి కుండ దగ్గర కూర్చుని, "ఈ గంజిలో కూడా ఎండ దాగి ఉంది, చూడండి" అని నాలుగు చుక్కలు వేశాను. గంజి కాటుకలా నల్లబడింది. మా అత్త ఏడుపు ఆపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"విషం పోస్తివా?" అన్నారు మా మామ.

"కాదు మామా, ఇది గింజలో దాచిన పిండి. మొక్క ఆకులో వండి గింజలోకి పంపింది."

పెద్దవ్వ మంచం దిగి వచ్చి, కుండలోకి చూసి, నా మొహంలోకి చూసింది. "ఇది చెప్పేదానికి గంజంతా పాడు చేస్తివే. అడిగితే నేనే చెప్పనా. గింజకు వాళ్ళమ్మ సద్ది కట్టి పంపిచ్చేది ఎవురికి తెలీదు? ఆ సద్ది ఉండాది గనకనే చీకట్లో తొమ్మిది దినాలు పెట్టేది, పదోనాడు ఏట్లో వదిలేది. పదైదు దినాలు పెడితే చస్తాదని నాకు తెలుసు. చట్టిలో బిడ్డ పస్తుండలేదురా, సద్ది తింటా ఉండె. నీవు పోయి ఇంగో విందు పెడితివి."

చెన్నపట్టణంలో రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్నదాన్ని వక్క నములుతూ నాలుగు మాటల్లో చెప్పేసింది. సంవత్సరాల తరువాత నేను ఎందరికో ఈ పాఠం చెప్పాను గాని అంత తేటగా ఎన్నడూ చెప్పలేకపోయాను. ఆ క్షణంలో మాత్రం సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కుండలో మిగిలిన గంజిని మా బావ పెరట్లో పారబోసి వచ్చాడు. కుక్క కూడా దాని దగ్గరికి పోలేదు.

తీర్పు పెద్దవ్వే చెప్పింది. పిల్ల తప్పు లేదు, కాబట్టి చట్టి ఎత్తుతుంది. అది పచ్చగా ఉన్నా అమ్మవారి చట్టే. కప్పెక్కినవాడు గుడి ముందర నిలబడి, చేసింది అమ్మవారికి తన నోటితో చెప్పుకోవాలి, ఇంకో తొమ్మిది రోజులు వాడికీ ఉప్పు లేదు. "ఇంగొగటి. గుడి దాకా ఆ చట్టికి నీవు గొడుగు పట్టు. తిన్నకాడికి సాలు, మళ్ళా దోవలో ఎండ తినబోతాది" అంది. అప్పుడు గువ్వ నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకున్నా భుజాలు కదిలాయి, నేను చూశాను.

ఆ విధంగా ఊరేగింపులో అందరికన్నా చివర గువ్వ, ఆ పిల్ల పక్కన తాటాకు గొడుగు పట్టుకుని నేను, ముందు డప్పులు, వెనక పిల్లకాయల ఈలలు. పంతొమ్మిదేళ్ళ సర్కారు విద్యార్థికి అంతకన్నా అవమానం ఏముంటుంది? అయినా ఆ రోజు నేను ఎంత హాయిగా నడిచానో చెప్పలేను, నాలుగు ఆమడలు నడవమన్నా నడిచేవాణ్ణి. పొద్దెక్కేసరికి ముందున్న బంగారు మొలకలన్నీ ఎండకు తలలు వాల్చాయి. గువ్వ నెత్తిన ఉన్నవి నిటారుగా నిలబడ్డాయి. గుడి దగ్గర ఒక ముసలి సేద్యగాడు ఆగి చూసి, "ఇదొగటి పైరు మాదిరి ఉండాదే" అన్నాడు. చూశారా అని నేను నోరు తెరిచేలోపల మా అత్త వెనక్కి తిరిగి చూసింది. నోరు మూసుకున్నాను. అమ్మవారి ముందు నిలబడి కప్పెక్కిన సంగతి చెప్పుకున్నాను. తాంబూలాలు అనుకున్న రోజుకే మారాయి. నా వంతు విందుభోజనం ఉప్పు లేకుండా వడ్డించారు.

ఇక్కడితో అయిపోయిందనే నేను నలభై ఏళ్ళు అనుకున్నాను. ఇంటికి ఎవరు వచ్చినా ఈ కథ చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ, తప్పయితే తప్పేగాని నా కొలత చూడండి, చీకట్లో ఉన్న చట్టిమీద బయటినుంచి తాడుతో లెక్కవేసి సరిగ్గా దించాను అని ముగించేవాణ్ణి. కిందటేడు ఒకనాడు మనవరాలికి ఇదే చెబుతుంటే, పక్కన చేటలో కందులు చెరుగుతున్న మా ఆవిడ (గువ్వ అని వేరే చెప్పనక్కరలేదు) చెయ్యి ఆపింది.

"ఆ కొలత తప్పు. మీరు ఎండ పెట్టింది నా చట్టికి గాదు, వదినె చట్టికి."

"నీ చట్టే కదా పచ్చబడింది" అన్నాను.

"ఆ పొద్దు ఎలుకలు చూసే వంతు నాది. లోపలే ఉంటిని. పెంకు జరిగె, వదినె మొలకల మీద ఎండ పడె, పైన మీ మొగం కనపడె. గోడ మందం మూరన్నర. మీరు బయటినుంచి తాడు పట్టినారు, అది లెక్కలో ఎయ్యలే. మీరు దిగినాక వదినె చట్టి జరిపి నా చట్టి అక్కడ పెట్టినాను. ఇంగెవురికీ కంత కనపడకుండా మిగతా మూడు దినాలూ ఎలుకల వంతు నేనే అడిగి తీసుకొంటిని. వదినెకు అది ఏడో ఏటి మొక్కు గదా."

ఆ మరుసటేడు అక్కకు కూతురు పుట్టింది. మొలకల ఎత్తుకూ దానికీ లంకె ఉందంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను. కాని ఆ ఏడు ఆమె చట్టి పచ్చబడి ఉంటే, ఆ ముంగిట్లో నులకమంచం ముందు నిలబడేది ఆమె. అప్పుడు నేను ఎండ అన్నా, పిండి అన్నా, ఆమె చెవికి ఎక్కేది కాదు. పదిహేడేళ్ళ పిల్ల ఇదంతా చీకటి గదిలో ఒక్క చూపులో లెక్కవేసుకుంది. పెద్దవ్వ అడిగినప్పుడు ఎందుకు మాట్లాడలేదో కూడా నాకు అప్పుడే అర్థమైంది. నేను కప్పుమీద నూలుతాడుతో చేసిన లెక్కకు ఇది చాలా పైది. అయినా ఓటమి ఒప్పుకోవడం నాకు చేతకాదు గదా, ఒక లోపం పట్టాను.

"మరి మీ వదిన చట్టి పక్కకు జరిపి, ఆ చోటు ఖాళీగా వదిలేస్తే సరిపోయేది. నీ చట్టి తెచ్చి పెట్టడం ఎందుకు?"

ఆవిడ చేటను ఒకసారి ఎగరేసి పట్టుకుంది. "ఖాళీగా ఉంటే మీరు ఊరకుంటారా? చట్టి పచ్చబడలేదు, గురి తప్పినాదని ఇంగో పెంకు తీస్తారు. అది ఎవురి మీద పడతాదో."

మనవరాలు పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, కాని నవ్వుతూ ఉండగానే కళ్ళు చెమర్చాయి. ఇప్పటికీ చిత్తిరై ఎండలో వాకిట కూర్చుంటే వాడు కనిపిస్తాడు. మోకాళ్ళు దోక్కుని, చేతిలో నూలుతాడుతో, మరదలి జీవితంలోకి వెలుతురు దించానని మురిసిపోతూ కప్పుమీద కూర్చున్న ఆ పంతొమ్మిదేళ్ళవాడు. కిందున్న పిల్ల తనను చూస్తోందని వాడికి తెలియదు. దిగి రారా అని కేక వేద్దామనుకుంటాను. మళ్ళీ మనసొప్పదు, ఇంకాసేపు మురవనీ అనుకుంటాను.